మెడ ఫ్యూజన్ తర్వాత ఫిజియో: ఒక సెంటర్‌కి దండం, ఇంకో సెంటర్‌కి ఐదుకి నాలుగున్నర

ముందే చెప్పేస్తున్నా, ఇది ఆపరేషన్ మీద రివ్యూ కాదు. ఆపరేషన్ బాగానే జరిగింది, కుడిచేతిలో భుజం నుంచి బొటనవేలి దాకా పాకే ఆ మంట పోయింది, దాన్ని ఎంత పొగిడినా తక్కువే. ఇది ఆ తర్వాతి సంగతి. మెడలో ఎముకలు అతికించాక మెడ ఎంత తిరుగుతుంది, దానికోసం నేను వెళ్ళిన రెండు ఫిజియోథెరపీ సెంటర్లు ఎలా ఉన్నాయి, మధ్యలో వాడిన కాలర్ ఎలా ఉంది, అంతే. ఆపరేషన్ ముందు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఫోన్‌లో వెతుకుతూ కూర్చున్నా. ఒకరేమో "అసలు తేడానే తెలియదు" అని రాస్తారు, ఇంకొకరేమో "మెడ కర్రలా అయిపోయింది" అని రాస్తారు, ఇద్దరూ ఏ ఎముకలు, ఎన్ని చోట్ల, ఎన్ని నెలలైంది అన్నది మాత్రం రాయరు. ఆ మూడూ తెలియకపోతే ఆ మాటలతో ఎవరికీ ఉపయోగం లేదు. కాబట్టి నా వివరాలు ముందు.

మెడలో ఎముకలు ఏడు, లెక్క పై నుంచి. నాకు 5-6 మధ్య, 6-7 మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు పాడై నరాన్ని నొక్కుతున్నాయి. మెడ ముందు వైపు చిన్న గాటు పెట్టి, ఆ రెండు డిస్కులూ తీసేసి, వాటి చోట ఎముక ముక్కలు నింపిన కేజ్‌లు (ఆ సందు నిలబెట్టే చిన్న బోలు దిమ్మలు) పెట్టి, మీద టైటానియం ప్లేటు, స్క్రూలు బిగించారు. ముందు నుంచి చేసే ఈ పద్ధతి 1950ల నుంచీ ఉంది, కొత్త ప్రయోగమేమీ కాదు. నాకు ఆలస్యంగా అర్థమైనదేమిటంటే, మెడని కలకాలం పట్టి ఉంచేది ఆ ప్లేటు కాదట. ఎముక పెరిగి అతుక్కునేదాకా అక్కడ కదలిక లేకుండా చూడడమే దాని పని. అసలు అతుకు ఎముకది. అది గట్టిపడటానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాకా. సిగరెట్ తాగేవాళ్ళకి అతుకు పడకపోయే ప్రమాదం ఎక్కువని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. నాకు ఆ అలవాటు లేదు గానీ పక్క బెడ్ ఆయన ముఖం చూడాల్సింది. ఇప్పటికి నాకు పద్నాలుగు నెలలు.

కృత్రిమ డిస్క్ పెట్టించుకుంటే కదలిక పోదు కదా అని అడుగుతారేమో. నేనూ అడిగాను. అమెరికాలో మెడకి మొదటి కృత్రిమ డిస్క్‌కి 2007లోనే అనుమతి వచ్చింది, ఇప్పుడు చాలామందికి పెడుతున్నారు కూడా. కానీ నాకు డిస్కుల వెనకుండే చిన్న కీళ్ళు కూడా బాగా అరిగిపోయాయి. అరిగిన కీళ్ళని అలాగే కదలనిస్తే నొప్పి అక్కడి నుంచే వస్తుంది కాబట్టి నాకు ఫ్యూజనే దారి అన్నారు. సరే అన్నాను.

ఇక కాలర్. దీనికి ఐదుకి మూడు. ప్లేటు వేసిన వాళ్ళందరికీ కాలర్ పెట్టరు, ఒక్క చోటే ఫ్యూజన్ అయితే చాలామంది సర్జన్లు అసలు వద్దంటారు. నాకు రెండు చోట్ల కాబట్టి ఆరు వారాలు గట్టి కాలర్ రాశారు. చేయాల్సిన పని అది బాగానే చేసింది, గడ్డం కిందా మెడ వెనకా పట్టు గట్టిగా ఉంది. తంటాలన్నీ మిగతా విషయాల్లో. లోపలి మెత్తలు చెమటకి తడిసిపోతాయి, ఒక జత పెట్టెలో వస్తుంది, రెండో జత విడిగా కొనుక్కోకపోతే ఉతికింది ఆరేదాకా దిక్కులు చూడాలి, అసలు ఆ చూడటమూ కుదరదు. దానికంటే ముఖ్యమైనది, కాలర్‌తో మీ కాళ్ళు మీకు కనిపించవు. మెట్లు దిగేటప్పుడు ఈ సంగతి ఒక్కరూ నాకు ముందు చెప్పలేదు. రెండో రోజే చివరి మెట్టు అయిపోయిందనుకుని ఇంకో అడుగు వేసేశాను, పక్కన తమ్ముడు లేకపోతే ఈ రివ్యూ వేరేలా ఉండేది. కాలర్ ఉన్నన్నాళ్ళూ రెయిలింగ్ పట్టుకోకుండా ఒక్క మెట్టు కూడా దిగొద్దు, డ్రైవింగ్ మాటే ఎత్తొద్దు.

ఆ ఆరు వారాల్లో మింగడం కష్టంగా ఉండేది, మాత్ర గొంతులో ఆగినట్టు అనిపించేది. గొంతు కూడా బొంగురుపోయింది. ముందు నుంచి చేసినప్పుడు ఆహారనాళాన్నీ శ్వాసనాళాన్నీ పక్కకి జరిపి పట్టుకుంటారు కాబట్టి ఇది మామూలే, చాలామందికి వారాల్లో తగ్గిపోతుంది. నాకు రెండు నెలలకి తగ్గింది. దీనికంటే నన్ను భయపెట్టింది వీపు రెక్కల మధ్య నొప్పి. గాటు ముందు, నొప్పి వెనక! ఏదో తేడా కొట్టిందని రాత్రంతా కూర్చున్నా. అరిగి కుంగిపోయిన డిస్కుల చోట కేజ్ పెట్టి సందు మళ్ళీ పెంచుతారు కదా, వెనక కీళ్ళూ కండరాలూ కొత్త ఎత్తుకి అలవాటు పడేదాకా అలా లాగుతుందట. ఈ ఒక్క ముక్క డిశ్చార్జ్ కాగితం మీద ఉంటే నాకు నాలుగు రాత్రుల నిద్ర మిగిలేది.

మూడో నెల ఎక్స్‌రే బాగుంది, ఫిజియో మొదలుపెట్టొచ్చన్నారు. ఇక్కడి నుంచి అసలు రివ్యూ.

మొదటి సెంటర్ పేరు రాయను. దగ్గర, పార్కింగ్ ఉంది, రిసెప్షన్‌లో అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. మంచి ఇక్కడితో అయిపోయింది. ఫైల్ ఇస్తే తెరవకుండానే పక్కన పెట్టేశారు. "మెడ నొప్పి కదా" అన్నారు. "మెడ నొప్పి కాదండీ, మెడ ఆపరేషన్" అన్నాను. "అదే అదే" అన్నారు. పది నిమిషాలు వేడి కాపడం, పది నిమిషాలు కరెంటు మెషిన్, తర్వాత చూసుకోమని ఒక జిరాక్స్ కాగితం. మొదటి ఐదు సిట్టింగ్‌లూ ఇదే. ఒక్కరు నా మెడ మీద చెయ్యి వేసి చూడలేదు, ఎటు ఎంత తిరుగుతుందో తిప్పమనలేదు. ఆరో రోజు కొత్త కుర్రాడొచ్చి నన్ను పడుకోబెట్టి, గడ్డం కింద ఒక బెల్టు, తల వెనక ఒక బెల్టు పెట్టి బరువు కట్టబోయాడు. ట్రాక్షన్! మూడు నెలల కిందట ఎముకలు అతికించిన మెడని లాగడానికి! లేచి కూర్చుని "ఇందులో ప్లేటు ఉంది" అంటే "అయ్యో మేడమ్, మాకు చెప్పలేదు" అన్నాడు పాపం. ఆ అబ్బాయిని ఏమనాలి, ఫైల్ బల్ల మీదే ఉంది. మిగిలిన సిట్టింగ్‌ల డబ్బు వెనక్కి అడిగితే ప్యాకేజీ అంటే ప్యాకేజీయే అన్నారు. పోనీలే, మెడ మిగిలింది.

దీనికి సున్నా ఇవ్వాలని ఉంది గానీ రిసెప్షన్ అమ్మాయి కోసం ఒక స్టార్. మీరు ఏ సెంటర్‌కి వెళ్ళినా మొదటి రోజే "ఫ్యూజన్ అయింది, ట్రాక్షన్ వద్దు, మెడని పటుక్కుమనిపించడాలు వద్దు" అని నోటితో చెప్పండి, కాగితం మీద రాసివ్వండి, చేసే మనిషి మారిన ప్రతిసారీ మళ్ళీ చెప్పండి. సిగ్గుపడొద్దు.

రెండో సెంటర్ నిజానికి సెంటర్ కూడా కాదు, ఒకావిడ, రెండు గదులు. బోర్డు చిన్నది, మొదటిసారి దాటుకుని వెళ్ళిపోయాను. మొదటి రోజు ముప్పావుగంట సేపు వైద్యమే చెయ్యలేదు. ఆపరేషన్ నోట్స్ మొత్తం చదివింది, ఎక్స్‌రే లైటుకి పెట్టి చూసింది, నా చేత పిడికిలి పట్టించింది, ఒకే గీత మీద నడిపించింది, మోచేతుల దగ్గర సుత్తితో కొట్టి చూసింది. తర్వాత నెత్తి మీద డయల్ ఉన్న ఒక పరికరం పెట్టి అన్ని వైపులా కొలిచింది. కుడికి 42 డిగ్రీలు, ఎడమకి 47, పైకి చూడటం 21. మామూలు మెడ ఒక్కో పక్కకి 70, 80 దాకా తిరుగుతుంది, వయసుతో తగ్గుతుంది. నా అంకెలు చూసి నాకు ఏడుపొచ్చింది. "రెండు చోట్ల కదలిక పోతే సగం మెడ పోయిందా మేడమ్?" అని అడిగాను.

ఆవిడ చెప్పిన జవాబు కోసమే ఈ రివ్యూ రాస్తున్నాననుకోండి. తల అటూ ఇటూ తిప్పే పనిలో దాదాపు సగం మెడలో అన్నిటికంటే పైనున్న రెండు ఎముకల మధ్యే జరుగుతుందట. ఆ రెంటి మధ్య అసలు డిస్కే ఉండదు. తల ఊపడంలో పెద్ద వాటా పుర్రెకీ మొదటి ఎముకకీ మధ్య ఉండే కీలుది. నాకు అతికించింది కింద. 5-6, 6-7 ముఖ్యంగా వంగడానికీ పైకి ఎత్తడానికీ పనికొచ్చేవి, అక్కడ పోయిందాని తేడా పైకి చూసేటప్పుడు తెలుస్తుంది, పక్కకి తిప్పడంలో ఇంత తగ్గకూడదు. "మరి తగ్గింది కదా?" అంటే, "అది ప్లేటు ఆపడం లేదండీ, మీ కండరాలు ఆపుతున్నాయి, వాటి వెనక మీ భయం ఆపుతోంది" అంది. ఆపరేషన్‌కి ముందు ఏడాది పాటు నొప్పికి మెడ తిప్పడమే మానేశాను, ఆ తర్వాత ఆరు వారాలు కాలర్, ఆ తర్వాత ఏమవుతుందో అని నేనే బిగబట్టుకుని తిరిగాను. తమ్ముడు "అక్కా, పిలిస్తే నువ్వు తల తిప్పవు, మనిషివే మొత్తం బీరువాలా తిరుగుతావ్" అని వెక్కిరించేవాడు. వాడన్నది నిజమే అన్నమాట.

ఇక్కడ ఒక మాట. ఇదంతా కింద ఎముకలకి చేయించుకున్నవాళ్ళ సంగతి. పైన మొదటి రెండు ఎముకలనే అతికిస్తే తల తిప్పడం దాదాపు సగం పోతుంది, పుర్రెతో కలిపి అతికిస్తే తల ఊపడం కూడా పోతుంది. వెనక నుంచి మూడు నాలుగు చోట్ల చేయించుకున్నవాళ్ళ లెక్క కూడా వేరే. నా అంకెలు చూసి వాళ్ళు సంబరపడొద్దు, ఒకే చోట చేయించుకున్నవాళ్ళు బెంగపడొద్దు, చాలామందికి ఒక్క చోటయితే రోజువారీ పనుల్లో తేడా తెలియదు.

వ్యాయామాలు చూస్తే నవ్వొస్తాయి, అంత చిన్నవి. అరచెయ్యి నుదుటికి ఆనించి తలతో మెల్లగా నెట్టడం, తల కదలకూడదు, ఐదు లెక్కపెట్టి వదలడం, అలాగే పక్కలకి, వెనక్కి. గడ్డాన్ని కిందకి వంచకుండా వెనక్కి లాక్కోవడం. రెండు వీపు రెక్కలు దగ్గరికి తెచ్చి వదలడం. నొప్పి లేనంత మేర మెడ పక్కకి తిప్పి అక్కడే మూడు ఊపిర్లు తీసుకోవడం, చేత్తో తోయడం మాత్రం లేదు. నాకు బాగా పనికొచ్చింది ఇంకోటి, పక్కకి పడుకుని మోకాళ్ళు ముడిచి, పై చెయ్యి వెనక్కి తెరిచి, నడుం పైభాగాన్ని తిప్పడం. మెడలో పోయిన నాలుగు డిగ్రీలు వీపు పైభాగం నుంచి తెచ్చుకోవాలన్నది ఆవిడ లెక్క. కారు రివర్స్ తీసేటప్పుడు ఈ రెండూ కలిసే పనిచేస్తాయి, ముందు కళ్ళు, తర్వాత మెడ, తర్వాత భుజాలు. ఇప్పుడు అలవాటైపోయింది.

రెండు వారాలకోసారి కొలత. ఇదే నన్ను నిలబెట్టింది. ఒక్కోసారి మెడ పట్టేసి, ఏమీ మారలేదు, డబ్బు దండగ అనిపించేది, అంకె చూస్తే మూడు డిగ్రీలు పెరిగి ఉండేది. ఒకసారి తగ్గింది కూడా, ఆ వారమంతా ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పనిచేశాను, దాచలేకపోయాను. ఐదు నెలల చివర్లో కుడికి 66, ఎడమకి 64, పైకి 37. పైకి చూడటం ఇక ఇంతేనంది, ఎక్కువ ఆశ పెట్టలేదు, అది నాకు నచ్చింది. కండరం ఆపినచోట మెత్తగా సాగుతూ ఆగుతుంది, ఎముక అతికిన చోట టక్కున ఆగుతుంది, ఆ తేడా చేతికి తెలుస్తుందట. టక్కున ఆగిన చోట తోస్తే ఆ భారం పైనా కిందా ఉన్న డిస్కుల మీద పడుతుంది కాబట్టి తోయకూడదు.

ఈ పక్క డిస్కుల సంగతి అందరూ అడుగుతారు కాబట్టి రాస్తున్నా. 1999లో అచ్చయిన ఒక పేరున్న అధ్యయనం ప్రకారం, ఫ్యూజన్ అయినవాళ్ళలో ఏడాదికి దాదాపు నూటికి ముగ్గురికి పక్క డిస్కుల వల్ల కొత్తగా లక్షణాలు వచ్చాయి, పదేళ్ళ లెక్క వేస్తే నాలుగో వంతు మందికి వస్తాయని వాళ్ళ అంచనా. అందులో ఫ్యూజన్ వల్ల ఎంత, ఆ మెడ ఎలాగూ అరిగేదే కాబట్టి ఎంత అన్నదాని మీద డాక్టర్లలోనే వాదం ఉంది. నాకైతే ఈ అంకె విన్న రోజు దిగులేసింది, తర్వాత ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు చేరాయి, అంతే.

ఇప్పుడు నిజంగా ఏం కుదరదో చెబుతా, ఎందుకంటే డిగ్రీలు విని ఎవరికీ ఏమీ అర్థం కాదు. సీసాలో అడుగున మిగిలిన నీళ్ళు తల వెనక్కి వంచి తాగలేను, స్ట్రా కావాలి లేదా గ్లాసులో పోసుకోవాలి. పై అరలో వస్తువులు చూడాలంటే రెండడుగులు వెనక్కి వేయాలి. కళ్ళలో చుక్కలు వేసుకోవాలంటే పడుకోవాలి. విమానం పోతుంటే నేను చూడటం మానేశాను. ఎవరూ చెప్పని ఇంకోటి కళ్ళద్దాలు. నావి ప్రోగ్రెసివ్, దగ్గరివి చదవాలంటే కింది భాగంలోంచి చూడాలి, కంప్యూటర్ ముందు దానికోసం గడ్డం పైకెత్తాలి, ఎత్తడమేమో కుదరదు, సాయంత్రానికి మెడ వెనక రాయిలా అయిపోయేది. ఇది కనిపెట్టింది కూడా ఆవిడే, నేను కూర్చున్న తీరు చూసి. కంప్యూటర్‌కి విడిగా ఒకే పవర్ అద్దాలు చేయించుకున్నాక సగం నొప్పి పోయింది. వ్యాయామం కాదు, మందు కాదు, అద్దాలు!

కుదిరేవి చెప్పాలంటే మిగతా అన్నీ. రోడ్డు దాటడం, డ్రైవింగ్, తలస్నానం, పక్క మనిషి వైపు తిరిగి మాట్లాడటం, ఒక పక్కకి పడుకోవడం. కొత్తవాళ్ళెవరికీ నా మెడలో ప్లేటు ఉందని తెలియదు. గాటు మచ్చ కూడా మెడ ముడతలో కలిసిపోయింది.

మరి అర స్టార్ ఎందుకు కోశానంటే, అపాయింట్‌మెంట్ దొరకడం గగనం, ఫోన్ ఎత్తరు, మెసేజ్ పెడితే రాత్రి పదకొండుకి జవాబు. ఒకసారి వెళ్ళాక గంటంబావు కూర్చోబెట్టారు, ఆ కుర్చీలకి తల ఆనించుకునే వీలు లేదు, మెడ పేషెంట్లు వచ్చే చోట! చెప్పాను, నవ్వి ఊరుకుంది. వీడియోలు ఇవ్వదు, గీతలు గీసి ఇస్తుంది, ఆ బొమ్మలు చూస్తే మనిషో బల్లో తెలియదు. వ్యాయామాలు ఇంట్లో చెయ్యనివాళ్ళని తిడుతుంది కూడా, మెత్తగా మాట్లాడాలి అనుకునేవాళ్ళకి కష్టం.

మొదటి రోజు ఆవిడ నాకు రాసిచ్చిన కాగితం ఇంకా ఫ్రిజ్ మీద ఉంది, దాంట్లో వ్యాయామాలకంటే పైన ఉన్నవి ఇవి. చేతివేళ్ళు మొద్దుబారి గుండీలు పెట్టుకోలేకపోతున్నా, నడకలో తూలుతున్నా, మూత్రం మీద అదుపు పోతున్నా, చెయ్యో కాలో బలం తగ్గుతున్నా ఫిజియోకి రావొద్దు, సర్జన్ దగ్గరికి వెంటనే పరిగెత్తండి. జ్వరం వచ్చి గాటు దగ్గర నీరు కారినా అంతే. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో మెడ వాచి ఊపిరి ఆడకపోతే అది నిమిషాల్లో చూడాల్సిన ఎమర్జెన్సీ. మొదటి సెంటర్ ఇచ్చిన జిరాక్స్ కాగితంలో వీటిలో ఒక్కటీ లేదు, మెడని గుండ్రంగా తిప్పమన్న బొమ్మ మాత్రం ఉంది.

వచ్చే నెల మళ్ళీ ఎక్స్‌రే ఉంది, మెడ వంచి ఒకటి, ఎత్తి ఒకటి తీస్తారు, అతికిన చోట కదలిక ఉందా లేదా అని అందులో చూస్తారు. ఆ వారమే ఆవిడ దగ్గరికి వెళ్ళి డయల్ పెట్టించుకుంటా, అపాయింట్‌మెంట్ దొరికితే. అంకెలు మారితే ఈ రివ్యూలోనే కింద రాస్తా.